మట్టిగూడు విప్పండి

కిటికీ చువ్వల మూలనో, దేవుడి పటం వెనకో, ఎవరూ వాడని ప్లగ్గు రంధ్రంలోనో మట్టి తెచ్చి గూడు కట్టే కందిరీగను మీరు చూసే ఉంటారు. నడుము దారమంత సన్నం. వెళ్ళి వచ్చినప్పుడల్లా ఒక తడిమట్టి ఉండ తెస్తుంది. గూడు ఓ కొలిక్కి వచ్చాక ఎక్కణ్ణుంచో ఆకుపచ్చ గొంగళిపురుగును మోసుకొచ్చి లోపల కుక్కి మూత పెట్టేస్తుంది. కొన్నాళ్ళకు ఆ మూతకు చిల్లు పడి మరో కందిరీగ బయటికొస్తుంది. లోపలికి పోయింది పురుగు, బయటికొచ్చింది కందిరీగ! చూసిన పెద్దలు దీనికో అర్థం చెప్పుకున్నారు. కందిరీగ చుట్టూ తిరుగుతూ ఝుంకారం చేస్తుంటే, లోపలున్న పురుగు భయంతో దాన్నే తలుచుకుని, తలుచుకుని, చివరికి అదే అయిపోయిందట. భ్రమరకీట న్యాయం అన్నారు. జీవుడు దేవుణ్ణి తలిచి తలిచి దేవుడైపోతాడని చెప్పడానికి ఇంతకంటే చక్కని పోలిక ఏముంటుంది?

పోలిక చక్కనిదే. జరిగింది మాత్రం అది కాదు. గూట్లో పురుగుతోపాటు కందిరీగ పెట్టిన గుడ్డు కూడా ఉంది. పురుగును చంపకుండా, కుట్టి మొద్దుబార్చి, పుట్టబోయే పిల్లకు పచ్చి తిండిగా దాచింది. పిల్ల దాన్ని తిని పెరిగి రెక్కలొచ్చి బయటపడింది. చైనాలో కూడా దాదాపు ఇలాంటి నమ్మకమే ఉండేది. కందిరీగ అనాథ పురుగును తెచ్చి పెంచుకుంటుందని, అందుకే పెంపుడు కొడుకును ఆ పురుగు పేరుతో పిలవాలని అనుకునేవారు. 5, 6 శతాబ్దాల మధ్య బతికిన తావో హోంగ్‌జింగ్ అనే వైద్యుడికి అనుమానం వచ్చి గూడు విప్పి చూశాడు. కందిరీగ గుడ్డు కనబడింది. అలాగే రాసిపెట్టాడు.

మన దగ్గర కూడా ఏ కుర్రాడో, ఏ పిల్లో గూడు పగలగొట్టి చూసే ఉంటారు. అమ్మ చేత రెండు దెబ్బలు తినే ఉంటారు. రాసిపెట్టలేదు, అంతే తేడా. అమ్మాయిలూ, అబ్బాయిలూ, ఈ నాలుగు మాటలూ ఆ తేడా గురించే.

గూడు కట్టే కందిరీగలు మన కంటికి ఆనేవి. అసలు జనాభా వేరే ఉంది. అవి గూడు కట్టవు, మన ఇళ్ళలో తిరగవు, మన జోలికి రావు. మరో పురుగు ఒంట్లోనో, దాని గుడ్డులోనో తమ గుడ్డు పెట్టి పోతాయి. లోపల పుట్టిన పిల్ల దాన్ని తిని, డొల్ల చేసి, బయటికొస్తుంది. మన వ్యవసాయశాఖ వాళ్ళు వీటిని బదనికలు అంటారు. మామిడికొమ్మ మీద పడ్డ బదనిక చెట్టును పీల్చుకుంటూ చెట్టుతోపాటే బతుకుతుంది. ఈ బదనిక ఆసరా ఇచ్చినదాన్ని చంపిగాని వదలదు. అందుకని పేరు పూర్తిగా అతకదు. అయినా రైతు నోట పడ్డ మాట కనుక నేనూ అదే వాడతాను.

ఎంత చిన్నవంటే, చెరకు పీకపురుగు మీదికి వదిలే ట్రైకోగ్రామా అనే బదనిక పొడవు అర మిల్లీమీటరు. అరచేతిలో పట్టే ట్రైకో కార్డు మీద దాదాపు 20,000 గుడ్లు అంటించి ఉంటాయి, ఒక్కో గుడ్డులో ఒక్కో బదనిక పిల్ల. ఆ కార్డును ఆకు అడుగున గుచ్చి వచ్చిన రైతుకు, తాను పొలంలోకి ఎంత పెద్ద సైన్యాన్ని దింపాడో కనబడదు. భూమ్మీద జంతువుల్లో ఎక్కువ జాతులున్నవి పెంకుపురుగులని మనం బళ్ళో చదువుకున్నాం. ఆండ్రూ ఫోర్బ్స్, ఆయన సహచరులు 2018లో కాదన్నారు. చాలామటుకు ప్రతి పురుగుకూ దానిదే అయిన బదనిక ఒకటో రెండో ఉంటాయి కనుక, లెక్క తీస్తే కందిరీగల వర్గమే పెద్దదని వాళ్ళ వాదం. ఈ వర్గంలో చాల్సిడ్లు అనే ఒక్క తెగలోనే పేరు పెట్టినవి 22,000 దాటాయి. ఉండవచ్చని వేసిన అంచనాల్లో ఒకటి 5,00,000. మిగిలినవి పేరు లేకుండానే మన పొలాల్లో పనిచేస్తున్నాయి.

ఈ పేర్లు రాసే పని మన దేశంలో మొదలైన కథలో ఒక ముడి కాకినాడలో ఉంది. లిన్నేయస్ దగ్గర చదువుకున్న జొహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో డేనిష్ వాళ్ళ రేవు తరంగంబాడికి వైద్యుడిగా వచ్చాడు. మొక్కలు ఏరాడు, పురుగులు పట్టాడు, చెదలు ఎలా బతుకుతాయో కూర్చుని చూసి రాశాడు. ఆయన పంపిన పురుగులకు యూరప్‌లో పేర్లు పెట్టినవాడు ఫాబ్రీసియస్, ఆయనా లిన్నేయస్ శిష్యుడే. కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో రక్తవిరేచనాలు పట్టుకుని చనిపోయాడు. చివరి రోజుల్లో మందిచ్చినవాడు సామర్లకోటలో ఉండే డాక్టరు రాక్స్‌బర్గ్. ఇవాళ జగన్నాథపురం వంతెన మీద బైకులాపుకుని సెల్ఫీలు దిగే కుర్రాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

కోనిగ్‌తో మొదలైన పద్ధతి నూట యాభై ఏళ్ళు నడిచింది. పురుగు ఇక్కడిది, పట్టిన చెయ్యి ఇక్కడిది, పేరు అక్కడిది. లండన్‌లో ఫ్రాన్సిస్ వాకర్ బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని వేలకొద్దీ పురుగులకు పేర్లు పెట్టేశాడు. వర్ణనలు రెండు మూడు ముక్కల్లో ముగించేవాడు. ఆ వర్ణన చదివి ఆ పురుగును మళ్ళీ గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. ఆయన 1874లో పోయినప్పుడు, ఇరవై ఏళ్ళు ముందే పోయి ఉంటే పేరైనా దక్కేదన్న అర్థంలో సంతాపం రాశారంటే ఎంత విసిగిపోయారో చూడండి. తర్వాత పీటర్ కామెరాన్ మన దేశపు కందిరీగలకు వందలకొద్దీ పేర్లు పెట్టాడు. ఆయన్నూ తిట్టనివాళ్ళు తక్కువ. ‘బ్రిటిష్ ఇండియా జంతుజాలం’ గ్రంథమాలలో కందిరీగలకూ తేనెటీగలకూ 1897లో పుస్తకం రాసిన బింగ్‌హామ్ అయితే సైనికోద్యోగి, ఆ తర్వాత బర్మా అడవుల అధికారి. అదే మాలలో ఇక్న్యుమాన్ బదనికల సంపుటం 1913లో వచ్చింది. రాసినవాడు క్లాడ్ మోర్లీ, ఇంగ్లండ్ పల్లెటూళ్ళో ఉండేవాడు.

వీళ్ళను తిట్టడం తేలిక. నేనూ కుర్రతనంలో తిట్టాను. కానీ ఒక్క పేరు తీసుకుని దాని జాతకం చూద్దాం. చెరకులో, జొన్నలో కాండం తొలిచే పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే చిన్న నల్ల బదనిక ఒకటుంది, కాళ్ళు పసుపు. కామెరాన్ 1891లో ఇక్కడి నమూనాలు చూసి దీనికి కోటీసియా ఫ్లావిపెస్ అని పేరు పెట్టాడు. ఫ్లావిపెస్ అంటే పసుపుకాళ్ళది. దీనికోసమని కోటీసియా అనే ప్రజాతినే కొత్తగా సృష్టించాడు. తర్వాతివాళ్ళు అక్కర్లేదని కొట్టేసి, దీన్ని అపాంటెలెస్ అనే పెద్ద గంపలో వేసేశారు. మన పాత వ్యవసాయ పుస్తకాలన్నిటిలోనూ అపాంటెలెసే. సరిగ్గా 90 ఏళ్ళకు, 1981లో, కెనడాలో మేసన్ అనే ఆయన ఆ గంప బోర్లించి, విడదీసి చూసి, కామెరాన్ చెప్పిందే నిజమన్నాడు. కోటీసియా తిరిగొచ్చింది. అందరూ తిట్టిన మనిషి పెట్టిన పేరే నిలబడింది. ఈ బదనికనే పాకిస్తాన్ నుంచి తీసుకెళ్ళి 1993లో కెన్యా తీరంలో వదిలారు. మన ఖండం నుంచి అక్కడికి వలసపోయి మొక్కజొన్నను తొలుస్తున్న పురుగు మీద అది చక్కగా పనిచేసింది.

జాబితా అంటే ఇదీ. అంకెలు వేసి పేర్లు వరసగా రాసిన కాగితం కాదు. ఒక్కో పేరు కింద ఎవరు పెట్టారు, ఏ ఏడు, ఏ ఊళ్ళో దొరికింది, పేరు పెట్టడానికి ఆధారమైన అసలు నమూనా ఇప్పుడు ఏ మ్యూజియం సొరుగులో ఉంది, దీనికే తెలియక ఇంకెవరెవరు ఏయే పేర్లు పెట్టారు, ఏ పురుగును తింటుంది అన్నీ ఉంటాయి. ఊళ్ళో కరణం గారి అడంగల్ లాంటిది. సర్వే నంబరు తెలియకపోతే పొలం మీదని ఎలా చెబుతారు?

మన చేత్తో మనం రాసుకున్న అడంగల్ 1938లో వచ్చింది. రాసినవాడు మహదేవ సుబ్రహ్మణ్య మణి, తంజావూరు మనిషి. ‘భారతదేశపు కీటకాల జాబితా’ 23వ భాగం, చాల్సిడ్ బదనికల మీద. అప్పటికి ఆయన వయసు 30. అంటే మీలో పీహెచ్‌డీ ఎప్పుడు పూర్తవుతుందిరా దేవుడా అని తల పట్టుకుని కూర్చున్నవాళ్ళ వయసే. ఆ తర్వాత ఆగ్రాలో సెయింట్ జాన్స్ కళాశాలలో కీటకశాస్త్ర విభాగం పెట్టాడు, హిమాలయాల్లో మంచుగడ్డల అంచున బతికే పురుగుల వెంట తిరిగాడు, ఆకుల మీద లేచే బుడిపెల మీద పుస్తకాలు రాశాడు. తన తొలి జాబితాను మాత్రం మరిచిపోలేదు. 1989లో జంతుసర్వే సంస్థ అచ్చువేసిన చాల్సిడ్ల గ్రంథం రెండు భాగాలూ ఆయనవే. అప్పటికి 81. మొదటి పుస్తకానికీ ఈ పుస్తకానికీ మధ్య 51 ఏళ్ళు. ఒకే పురుగుల తెగ మీద అన్నేళ్ళు మనసు నిలపడం తపస్సు అంటే ఆయన నవ్వి ఉండేవాడేమో. నేను మాత్రం అనే తీరతాను.

ఈ మధ్యలో మరికొందరు వచ్చారు. ఢిల్లీలో వి.కె.గుప్తా, అమెరికాలోని టౌన్స్ దంపతులతో కలిసి 1961లో ఇండో–ఆస్ట్రేలియా ప్రాంతపు ఇక్న్యుమాన్ల జాబితా తెచ్చాడు. బి.ఆర్.సుబ్బారావు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలోని మహమ్మద్ హయాత్ కలిసి 1985లో చాల్సిడ్ల కుటుంబాలను గుర్తుపట్టే తాళంచెవులు రాశారు. మరుసటి ఏడు 430 పేజీల జాబితా అచ్చువేశారు. సుబ్బారావు అన్న పేరు వినగానే ‘మనవాడేనా?’ అని అడగడం మన అలవాటు. ఆయన ఏం చేశాడని అడగడం ఇంకా అలవాటు కాలేదు. కాలికట్‌లో టి.సి.నరేంద్రన్ వందలాది కొత్త జాతులను వర్ణించి, పదులకొద్దీ శిష్యులను తయారుచేసి, 2013 డిసెంబరు 31న కన్నుమూశాడు. బెంగళూరులో కె.వీణాకుమారి, పురుగుల గుడ్లలో పెరిగే నలుసంత బదనికల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది.

బెంగళూరు అనగానే ఇంకో ఇద్దరు గుర్తొస్తారు. సుధా నాగర్‌కట్టి, నాగరాజ. వీళ్ళు రాకముందు ట్రైకోగ్రామాల పేర్లు అంతా గందరగోళం. ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు రాసుకునేవాళ్ళు. ఆడవి అన్నీ ఒకే అచ్చు, రంగేమో ఎండను బట్టీ వానను బట్టీ మారిపోతుంది. ఈ ఇద్దరూ మగ ట్రైకోగ్రామా జననాంగాన్ని గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపు కింద చూస్తే జాతికో ఆకారం ఉందని చూపించారు. ఒక్కసారి ఊహించండి. పురుగు అర మిల్లీమీటరు, దాని తోక చివర ఉన్న అంగం అందులో ఎన్నో వంతు! 1971లో వాళ్ళు చేసిన పునర్వర్ణనలు ప్రపంచంలో ఈ పని చేసేవాళ్ళందరికీ దారి అయ్యాయి. ఇవాళ అనకాపల్లి చెరకుతోటలో వదిలే బదనిక పేరు ట్రైకోగ్రామా కిలోనిస్ అని ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే దాని వెనక ఆ గాజుపలకలున్నాయి.

‘పేరు ఏదైతేనేం సార్, పురుగును తింటోంది కదా’ అని నన్ను చాలామంది అడిగారు. దానికి జవాబు కర్రపెండలంలో ఉంది.

1970ల మొదట్లో ఆఫ్రికాలో కర్రపెండలానికి పిండినల్లి పట్టింది. కోట్లమందికి అదే అన్నం. పంట దక్షిణ అమెరికా నుంచి వచ్చింది కనుక పిండినల్లీ అక్కణ్ణుంచే వచ్చి ఉండాలి, దాన్ని తినే బదనికా అక్కడే ఉండాలి. ఇంతవరకూ తర్కం సరిగ్గానే ఉంది. దక్షిణ అమెరికా ఉత్తర భాగంలో వెతికితే పిండినల్లి దొరికింది, దాని బదనికలూ దొరికాయి. తెచ్చి ఆఫ్రికా పిండినల్లి ముందు పెడితే ముట్టలేదు. ఎందుకంటే అది వేరే జాతి. చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి, అంతే. ఏళ్ళు గడిచిపోయాయి. 1981లో ఆంథొనీ బెలొట్టికి పరాగ్వేలో అసలు పిండినల్లి కనబడింది. దాంతోపాటే దాని బదనిక కూడా. హాన్స్ హెరెన్ బృందం దాన్ని పెంచి ఆఫ్రికా అంతటా వదిలింది. పంట నిలబడింది. హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఇందులో నన్ను పట్టి కుదిపే విషయం మరొకటి. ఆ బదనిక కొత్తదేమీ కాదు. అర్జెంటీనాలో డి శాంటిస్ అనే ఆయన 1964లోనే దానికి లోపెజీ అని పేరు పెట్టి జాబితాకు ఎక్కించాడు. అప్పటికి దాని అవసరం ఎవరికీ లేదు. ఆయన పనిగట్టుకుని రాసి పెట్టాడు, అంతే.

అదే పిండినల్లి 2020లో కేరళలో కనబడింది, తమిళనాడుకు పాకింది. ఈసారి వెతుకులాట లేదు. పేరు తెలుసు, బదనిక పేరూ తెలుసు, ఎవరి దగ్గరుందో తెలుసు. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ నుంచి తెప్పించి, 2022 మార్చిలో సేలం జిల్లాలో వదిలారు. రెండేళ్ళలో పని మొదలైంది. మన పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లుల బతుకంతా కర్రపెండలం మీదే. ఆ మిల్లు యజమానుల్లో ఎవరూ అర్జెంటీనా డి శాంటిస్‌కు కృతజ్ఞతలు చెప్పుకోనక్కర్లేదు గాని, అలాంటి మనిషి ఒకడు మన మధ్య ఉండాలని మాత్రం కోరుకోవాలి.

కాలిఫోర్నియా కథ ఇంకా పొట్టిది. అక్కడి నారింజకు ఎర్ర పొలుసుపురుగు పట్టింది. ఆసియాలో తిరిగిన అన్వేషకులకు దాని బదనికలు ఎన్నోసార్లు కంటబడ్డాయి. ‘ఇది మా దగ్గరున్నదే కదా’ అనుకుని వదిలేశారు. అలా సుమారు అర శతాబ్దం పోయింది. చివరికి 1956–57లో మన ఉత్తర భారతం నుంచి, పాకిస్తాన్ నుంచి తీసుకెళ్ళిన దాన్ని చూసి, ఇది వేరే జాతి అని తేల్చి, పాల్ డెబాక్ 1959లో అఫైటిస్ మెలినస్ అని పేరు పెట్టాడు. ఇవాళ్టికీ దాన్ని అక్కడ పెంచి అమ్ముతున్నారు. బే ఏరియాలో మీ అన్న ఇంటి వెనక నిమ్మచెట్టు పచ్చగా ఉందంటే, వీసా లేకుండా వెళ్ళిన మన బదనిక ఒకటి అక్కడ ఉద్యోగం చేస్తుండొచ్చు.

మరి మన ఇల్లు? ఈ జాబితాల పేజీలు తిప్పుతుంటే కేరళ, తమిళనాడు, కర్ణాటక, ఉత్తరప్రదేశ్ అన్న మాటలు తగులుతూనే ఉంటాయి. మన రెండు రాష్ట్రాల పేర్లు అంత తరచుగా తగలవు. పురుగులు లేకనా? మారేడుమిల్లి, లంబసింగి, నల్లమల, శేషాచలం ఇవన్నీ ఎక్కడున్నాయి? పురుగులున్నాయి. అలీగఢ్ లాంటి గుంపు, కాలికట్ లాంటి గుంపు మనకు లేదు. కోనిగ్ సమాధి అయిన నేల మీద ఆయన పని ఎత్తుకున్నవాడు లేడు.

నేను డిగ్రీ చదివిన కాలేజీలో మ్యూజియం అని ఒక చీకటి గది ఉండేది. అద్దాల పెట్టెలో వరసగా సూదులకు గుచ్చిన కందిరీగలు. కింద చీటీల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ‘కందిరీగ’, ‘కందిరీగ’, ‘కందిరీగ’. ఊరు లేదు, తేదీ లేదు, పట్టినవాళ్ళ పేరు లేదు. నేను మూడో ఏడాదికి వచ్చేసరికి ఆ పురుగులను వేరే పురుగులు తినేశాయి. సూదులు మిగిలాయి, చీటీలు మిగిలాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. మేమూ బాధపడలేదు. ఆనాడు బాధపడకపోవడమే నన్ను ఇప్పుడు బాధపెడుతోంది.

కోనసీమ కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ పట్టినప్పుడు ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2016లో పొల్లాచి వైపు మొదట కనబడి, తర్వాత మన గోదావరి తోటలకు వచ్చింది. ఆకుల అడుగున తెల్లటి మైనపు చుట్టలు, ఆకుల పైన నల్ల మసి. రైతులు మందు డబ్బాల కోసం పరిగెత్తారు. శాస్త్రవేత్తలు మాత్రం మందు కొట్టొద్దన్నారు. ఆ మాట అనడానికి వాళ్ళకు ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆకు తిప్పి, భూతద్దం పెట్టి, తెల్లదోమ డొల్లలను చూశారు. దోమే పుట్టి ఎగిరిపోతే డొల్ల వీపు పగిలి ఇంగ్లీషు టీ అక్షరంలా చీలిక ఉంటుంది. లోపల బదనిక పెరిగి బయటికొస్తే గుండ్రటి చిల్లు ఉంటుంది, దబ్బనంతో పొడిచినట్టు. గుండ్రటి చిల్లులు కనబడ్డాయి. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే బదనిక అప్పటికే తోటల్లో పనిచేస్తోంది. దానికి ఆ పేరు 1987లో ఇటలీ మనిషి విజియాని పెట్టాడు. కరీబియన్ దీవిలో దొరికినదానికి. మందు కొడితే దోమకంటే ముందు ఇది చచ్చేది. చీలికకూ చిల్లుకూ తేడా చూసే కన్ను, చూశాక పేరు చెప్పగలిగే జాబితా, ఈ రెండూ లేకపోతే మిగిలేది మందు డబ్బా ఒక్కటే.

2021లో గుంటూరు, ఖమ్మం మిరపతోటలను నల్ల తామరపురుగు ఏం చేసిందో మీలో కొందరు ఇంట్లోనే చూశారు. పూలన్నీ రాలిపోయి, కౌలు డబ్బు కూడా రాక నాన్నలు గట్టు మీద కూర్చున్న రోజులవి. తామరపురుగుల పిల్లల మీదా, గుడ్లలోనూ బతికే బదనికలు లోకంలో ఉన్నాయి. గుడ్లలో బతికే మెగాఫ్రాగ్మా అయితే మిల్లీమీటరులో ఐదో వంతు. అమీబా కంటే పెద్దదేమీ కాదు గాని దానికి రెక్కలున్నాయి, కళ్ళున్నాయి, మెదడుంది. మన మిరపపూల మీద, మన కలుపు మొక్కల మీద, ఏ బదనిక ఆ నల్ల తామరపురుగును పట్టుకుంటోంది? ఈ ప్రశ్న లండన్‌లో ఎవరో వేసేదాకా ఆగుదామా?

‘ఫోన్లో ఫోటో తీస్తే పేరు అదే చెప్పేస్తుంది’ అంటారేమో. సీతాకోకచిలుక పేరు చెబుతుంది, కాదనను. బదనిక పేరు తేలాలంటే రెక్క మీద సన్నటి నరం ఎంత పొడవుందో, మీసంలో ఎన్ని కణుపులున్నాయో, పాదంలో నాలుగు ముక్కలా ఐదా అనేది చూడాలి. దానికి పురుగు చేతిలో ఉండాలి, స్పిరిట్లోనో గాజుపలక మీదో. అసలు ఫోనుకు పేర్లు నేర్పడానికైనా ఎవరో ఒకరు ముందు పేరు తేల్చిన పురుగును ఇవ్వాలి కదా! యంత్రం చదివేది మణి, హయాత్, నాగర్‌కట్టి రాసిందే. రాయనిది అది చదవలేదు.

డబ్బు సంగతి దాచను. ఈ దారిలో ప్యాకేజీలు లేవు. ఉద్యోగాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి. పెళ్ళిచూపుల్లో ‘అబ్బాయి ఏం చేస్తాడు?’ అంటే ‘కందిరీగల మీసాలు లెక్కపెడతాడు’ అని చెప్పుకోవాల్సి వస్తుంది. కామెరాన్‌కూ డబ్బు లేదు. అయినా 1891లో ఆయన వేసిన పేరు ఇవాళ కెన్యా రైతు పొలంలో ఉంది. మీరు బీఎస్సీ అగ్రికల్చర్ చదువుతున్నా, డిగ్రీలో జువాలజీ చదువుతున్నా, లేదా ఇంజనీరింగ్ మధ్యలో విసుగెత్తి ఊరికొచ్చి ఉన్నా, మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అభయారణ్యాల్లో మాత్రం అటవీశాఖ కాగితం లేకుండా ఈగను కూడా పట్టకండి. మీ పెరడు, మీ చేను, మీ కాలేజీ వెనక తుప్పలు చాలు.

1930ల్లో రెనే మలేజ్ అనే స్వీడన్ ఆయన కీటకాల కోసం బర్మా వెళ్ళి, గుడారం లాంటి వల కుట్టించి పురుగులను పట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ వలే. మీకు వల కూడా అక్కర్లేదు. పసుపు రంగు ప్లాస్టిక్ పళ్ళెం ఒకటి కొనండి. కచ్చితంగా పసుపే, బదనికలకు ఆ రంగంటే పిచ్చి. పొలం గట్టు మీద నేలకు సమంగా పాతి, నీళ్ళు పోసి, గిన్నెలు తోమే సబ్బునీళ్ళు నాలుగు చుక్కలు వెయ్యండి. సబ్బు లేకపోతే ఆ నలుసులు నీటి మీద నిలబడి ఎగిరిపోతాయి. మర్నాడు ఎండెక్కకముందే పలచటి గుడ్డలో వడగట్టండి. మంచినీళ్ళతో ఒకసారి కడిగి, సున్నా నంబరు బ్రష్షుతో స్పిరిట్ సీసాలోకి దింపండి. ఈగలు, చీమలు, దోమల మధ్య రెక్కలకు అంచు చుట్టూ వెంట్రుకలున్న నలుసులు కనబడతాయి. చూసేవాళ్ళకు ధూళి. మీరు ధూళి అనుకోకండి.

పళ్ళెం కూడా దొరకలేదా? ఆషాఢంలో వరినాట్లు పడుతున్నప్పుడు నారుకట్టల దగ్గరికి వెళ్ళండి. కాండం తొలిచే పురుగు ఆకు కొనల మీద గుడ్లు పెట్టి గోధుమరంగు నూగుతో కప్పేస్తుంది. అందుకే తెలిసిన రైతులు నారు కొనలు తుంచి నాటిస్తారు. తుంచిన కొనలు గట్టు మీద పారేస్తారు. వాటిని నాకివ్వమని అడగండి. ‘ఎందుకమ్మా, గేదెకా?’ అని నవ్వుతారు, నవ్వనివ్వండి. నూగు ముద్దలున్న కొనలను ఒక్కొక్కటీ ఒక్కో చిన్న గాజుసీసాలో వేసి దూది బిరడా పెట్టండి. రోజూ పొద్దున్నా సాయంత్రం చూడండి. కొన్ని సీసాల్లో నల్లతల పురుగు పిల్లలు పుడతాయి. కొన్నిట్లో పుట్టవు. ఐదారు రోజులు పోయాక వెలుతురు వైపు ఎగబాకుతూ మిలమిలలాడే నల్లటి, ఆకుపచ్చటి నలుసులు కనబడతాయి. అవి టెట్రాస్టైకస్‌లో, టెలినోమస్‌లో, ట్రైకోగ్రామాలో, ఇంకా ఎవరూ పేరు పెట్టనివో కావచ్చు. స్పిరిట్ పొయ్యండి. సీసాలోకి చీటీ వెయ్యండి. ఊరు, మండలం, తేదీ, ఏ పైరు, ఏ పురుగు గుడ్లు, మీ పేరు. పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ ఇంకు స్పిరిట్లో కరిగిపోతుంది.